1929–33 నాటి అమెరికన్ 78 గ్రామఫోన్ ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి): మీకు బాగా నచ్చినవి, వాటిని సరిగ్గా వినే పద్ధతి

లక్కప్లేటు
1929 అక్టోబరులో వాల్‌స్ట్రీట్ షేర్ మార్కెట్ కుప్పకూలింది, దాని వెనకే మహా మాంద్యం వచ్చింది. అప్పటి నుంచి 1933 చివరిదాకా అమెరికాలో రికార్డయిన పాపులర్ పాటల్లో మీకు బాగా ఇష్టమైనవి ఇక్కడ రాయండి. పాట పేరు ఒక్కటే రాసి వదిలేయొద్దు. ఆ రోజుల్లో ఒక పాట జనానికి నచ్చిందంటే నలుగురైదుగురు గాయకులు, బ్యాండ్లు వెంటవెంటనే తలా ఒక కంపెనీకి అదే పాట ఇచ్చేవాళ్లు. అందుకని ఎవరిది, ఏ లేబులు, తెలిస్తే నంబరు, ముఖ్యంగా అందులో ఎక్కడ చెవి పెట్టాలి అన్నది ఉంటే చదివినవాళ్లు వెతుక్కుని వినగలుగుతారు.

నాది ఐషమ్ జోన్స్ ఆర్కెస్ట్రా వాయించిన 'స్టార్ డస్ట్'. బ్రన్స్‌విక్ 4856, 1930 మే. హోగీ కార్మైకేల్ దీన్ని 1927లో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లో జెనెట్ కంపెనీకి మొదట ఇచ్చినప్పుడు హుషారుగా నడిచే జాజ్ ముక్క. జోన్స్ నడక బాగా తగ్గించాడు. విక్టర్ యంగ్ వయొలిన్ వినండి, తొందర ఎక్కడా లేదు. పాట లేదు, అంతా వాద్యమే. అయినా మరుసటి ఏడాది బింగ్ క్రాస్బీ, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ దీన్ని నెమ్మదైన ప్రేమగీతంగా అందుకున్నారంటే దారి వేసింది ఈ ప్లేటే.

ఆర్మ్‌స్ట్రాంగ్‌ది ఓకే 41530, 1931 నవంబరు. దానికి ఒకటికి మించి టేకులు (ఒకే పాటను మళ్లీ మళ్లీ రికార్డు చేసినవి) బయట ఉన్నాయి. చివర్లో 'ఓ మెమరీ' అని మూడుసార్లు అనేది ఒక దాంట్లోనే. మీరు విన్నదాంట్లో అది లేకపోతే రెండోది కూడా వెతకండి, ట్రంపెట్ సోలో కూడా వేరుగా ఉంటుంది.

రాగమాలిక
నా ఓటు డ్యూక్ ఎలింగ్టన్ 'మూడ్ ఇండిగో'కే. 1930లోనే మూడు కంపెనీలకు ఇచ్చాడు: అక్టోబరు 14న ఓకేకి, 17న బ్రన్స్‌విక్‌కి 'డ్రీమీ బ్లూస్' పేరుతో, డిసెంబరులో విక్టర్‌కి. విక్టర్ 22587 దొరికితే అదే ముందు వినండి.

మొదటి పదిహేను సెకన్లలోనే ఉంది అసలు సంగతి. న్యూ ఆర్లియన్స్ పద్ధతిలో ట్రంపెట్ మధ్యలో ఉండి పాట నడుపుతుంది, క్లారినెట్ పైన అల్లుకుంటుంది, ట్రాంబోన్ కింద ఉంటుంది. ఎలింగ్టన్ ఇది తిరగేశాడు. పైన ఆర్థర్ వెట్‌సెల్ ట్రంపెట్, మ్యూట్ (వాద్యం నోటికి పెట్టే మూత) పెట్టి. దానికి ఆనుకునే జో నాంటన్ ట్రాంబోన్, అదీ మ్యూట్‌తోనే, తన పై స్థాయిలో. ఆ రెండింటికీ బాగా కింద, మంద్రంలో బార్నీ బిగార్డ్ క్లారినెట్. మధ్యలో ఖాళీ వదిలేశాడు. ఈ మూడూ ఒక్క మైకు ముందు దగ్గరగా వాయిస్తే ఏ వాద్యమో తేల్చుకోలేని నాలుగో రంగు ఒకటి పుడుతుంది. మైకును కూడా ఒక వాద్యంగా లెక్కలోకి తీసుకుని రాసిన సంగీతం ఇది.

ఫోను స్పీకర్‌లో మాత్రం వినకండి. క్లారినెట్ అట్టడుగు స్వరాలు 150 హెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి, ఫోను స్పీకర్లు 300 కిందికి వెళ్లేసరికే చేతులెత్తేస్తాయి. కింది గొంతు పోతే మిగిలేది మామూలు ట్రంపెట్, ట్రాంబోన్ జంట. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

గాడి78
ఏది గొప్పదన్న మాటకు ముందు వేగం సరిచూసుకోండి. యూట్యూబ్‌లో ఉన్నవాటిలో చాలావరకు అర శ్రుతి పైనో కిందో ఉంటాయి.

వేగం చూడడానికి ప్లేటు మీద పెట్టే గీతల చక్రం స్ట్రోబ్ డిస్కు; కరెంటు దీపం మినుకులో, వేగం సరిపోతే గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. అమెరికాలో 60 హెర్ట్జ్ కరెంటుకు ఈ డిస్కు మీద 92 గీతలుంటాయి. దాని లెక్కన 78.26 చుట్లు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 77 గీతల డిస్కు వాడాలి, అది 77.92 చుట్లు చూపిస్తుంది. అమెరికన్ డిస్కు బొమ్మ డౌన్‌లోడ్ చేసి, ప్రింట్ తీసి, ఇక్కడి బల్బు కింద పెడితే గీతలు 65 చుట్ల దగ్గర నిలబడి తప్పు వేగం చూపిస్తాయి. ఇంకోటి, ఇప్పటి ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావాటికి మినుకు ఉండదు, గీతలు అసలు నిలబడవు. నియాన్ ఇండికేటర్ దీపం వాడండి.

78.26 బదులు 80 దగ్గర తిరిగితే శ్రుతి దాదాపు 38 సెంట్లు పెరుగుతుంది (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం వంద సెంట్లు). 76 దగ్గర తిరిగితే 51 సెంట్లు తగ్గుతుంది, అంటే స్వరానికీ స్వరానికీ మధ్య సరిగ్గా సగంలో పడుతుంది. పియానో ఉన్న రికార్డయితే ట్యూనర్ యాప్ పెట్టి చూడండి. పియానో రెండు మెట్ల మధ్య వాయించదు కాబట్టి దగ్గరి మెట్టుకు సర్దితే చాలు. ఆ రోజుల్లో కంపెనీలన్నీ 78కి కచ్చితంగా కట్టుబడి ఉండలేదు, అందుకని లేబులు మీద అంకెను నమ్మి ఊరుకోవద్దు.

ముల్లు సంగతి. ఎల్పీ ముల్లు మొన 18–25 మైక్రాన్లు. 78 గాడికి 76 మైక్రాన్లు కావాలి, మన భాషలో 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). సన్న ముల్లు పెడితే గాడి గోడలను తాకకుండా అడుగున దుమ్ములో దొర్లుతుంది; మీకు వినిపించే బరబర సగం అదే. పాత స్టీలు ముళ్లు గోడలో ఒకే ఎత్తును అరగదీసి ఉంటాయి కాబట్టి 2.5, 3.5 మిల్ ముళ్లు కూడా దగ్గరుంచుకుంటే అరగని చోటు పట్టుకోవచ్చు. బరువు 3 నుంచి 5 గ్రాములు చాలు.

చివరిది ఈక్వలైజేషన్, అంటే ప్లేటు చెక్కేటప్పుడు మార్చిన మంద్ర, తార స్వరాల మోతాదును వినేటప్పుడు సరిదిద్దడం. ఫోనో ప్రీయాంప్‌లో (ముల్లు నుంచి వచ్చే సన్న శబ్దాన్ని పెంచే పెట్టెలో) ఉండే ఆర్‌ఐఏఏ అనే సర్దుబాటు లెక్క 1950లలో స్థిరపడింది. అది 500 హెర్ట్జ్ కింద మంద్రం పెంచి, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 13.7 డెసిబెల్స్ కోసేస్తుంది. 1930 నాటి ప్లేట్లకు మంద్రం మలుపు 250–300 దగ్గర ఉండాలి, పైన కోత దాదాపు అక్కర్లేదు. ఆర్‌ఐఏఏతో వింటే గాయకుడు దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. స్టీరియో కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకునే భాగం) అయితే రెండు చానళ్లూ కలిపి మోనో చేయండి, గాడిలో నిలువుగా ఉన్న రొద చాలావరకు కొట్టుకుపోతుంది.

ప్లేనో_తెలుగు
ఈ కాలం అనగానే అందరూ చెప్పేదే నేనూ చెబుతాను: 'బ్రదర్, కెన్ యూ స్పేర్ ఎ డైమ్?' సాహిత్యం యిప్ హార్బర్గ్, స్వరం జే గోర్నీ. 1932 అక్టోబరులో న్యూయార్క్‌లో 'అమెరికానా' అనే రంగస్థల ప్రదర్శనలో వచ్చింది. అదే నెల 25న బింగ్ క్రాస్బీ బ్రన్స్‌విక్‌కి (6414), రెండు రోజుల తేడాతో 27న రూడీ వాలీ కొలంబియాకి (2725-డి) పాడారు.

పాటలో మనిషి రైలు మార్గం వేసినవాడు, ఎత్తయిన భవనం కట్టినవాడు, యుద్ధంలో పోరాడినవాడు. ఇప్పుడు పది సెంట్ల కోసం చెయ్యి చాపుతున్నాడు. జాలి కోసం పాడడం లేదు, నేను కట్టినదాంట్లో నా వాటా ఏదీ అని అడుగుతున్నాడు. క్రాస్బీ మొదట గొంతు బాగా అణిచిపెట్టుకుంటాడు. యుద్ధం భాగం దాటి చివరి చరణానికి వచ్చేసరికి మొత్తం గొంతు వదులుతాడు, నన్ను గుర్తుపట్టలేదా అని అడిగేచోట అది అభ్యర్థన కాదు, నిలదీయడం. వాలీ ముందు కొన్ని మాటలు చెప్పి పాటలోకి వస్తాడు. మెత్తని గొంతు, రేడియో మర్యాద. నాకు క్రాస్బీదే పాట, వాలీది ఆ పాట గురించిన ప్రకటన.

కృష్ణాతీరం
ప్లేనో గారూ, వాలీని అంత తేలిగ్గా తీసెయ్యకండి. అప్పట్లో రేడియోలో అతనికి పెద్ద పేరు. ప్రేమపాటలకు పేరుపడ్డ మనిషి గొంతులో ఈ మాటలు వినిపించడమే ఆనాటి శ్రోతకు దెబ్బ. ముందు చెప్పిన మాటలు కూడా అందుకే కావాలి, పెద్ద ఇళ్లలో వినేవాళ్లను ఈ పాటకు సిద్ధం చేయాలి కదా. గానం వరకు క్రాస్బీయే మేలు, ఒప్పుకుంటాను.

వైట్‌లేబుల్
రెండు వెర్షన్లూ 1932లో నంబర్ వన్ అని చాలాచోట్ల రాసి ఉంటుంది, దాన్ని పట్టించుకోవద్దు. బిల్‌బోర్డ్ రికార్డుల అమ్మకాల పట్టిక మొదలుపెట్టిందే 1940లో. అంతకు ముందు సంవత్సరాల ర్యాంకులన్నీ తర్వాత కూర్చినవి.

అసలు ఈ కాలపు ప్లేట్లు ఎందుకు తక్కువ దొరుకుతాయో చెప్పాలి. అమెరికాలో 1927లో దాదాపు 10 కోట్ల 40 లక్షల ప్లేట్లు అమ్ముడైతే 1932 నాటికి అది 60 లక్షలకు పడిందని చరిత్రకారులు తరచూ ఇచ్చే లెక్క. రేడియో ఊరికే వినిపిస్తుంటే 75 సెంట్లు పెట్టి ప్లేటెవరు కొంటారు? ఎడిసన్ కంపెనీ 1929 అక్టోబరులోనే ప్లేట్ల వ్యాపారం మూసేసింది. వార్నర్ బ్రదర్స్ చేతిలోని బ్రన్స్‌విక్ 1931 చివర అమెరికన్ రికార్డ్ కార్పొరేషన్‌కి పోయింది. అందుకే 1925 నాటి ప్లేటు వీధి చివర దొరుకుతుంది, 1932 నాటిది దొరకదు. పాతదైనకొద్దీ అరుదు అనుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

చవక లేబుళ్లు కూడా చూడండి: పర్ఫెక్ట్, బ్యానర్, రోమియో, ఓరియోల్, మెలోటోన్. పావు డాలరు సరుకు. ఒకే మాస్టరు (ప్లేట్లు అచ్చువేసే అసలు రికార్డింగు) ఈ అయిదింటి మీదా వేర్వేరు బ్యాండు పేర్లతో వచ్చేది. పాడినవాడి పేరు ఉండదు, 'వోకల్ కోరస్' అని మాత్రం ఉంటుంది. చిక్ బుల్లక్, డిక్ రాబర్ట్‌సన్, స్మిత్ బలూ లాంటివాళ్లు ఇలా లెక్కలేనన్ని పాడారు. లేబులు మీది పేరు వదిలేసి గాడి చివర నున్నటి భాగంలో చెక్కిన మాస్టర్ నంబరు చదవండి, టార్చి ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది. ఆ నంబరును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా వాళ్ల డిస్కోగ్రఫీ సైటులో కొడితే చాలాసార్లు తేదీ, టేకు, వాయించినవాళ్లు బయటపడతారు.

కొత్తముల్లు
వైట్‌లేబుల్ గారూ, ఒక పక్కే గాడులున్న గోధుమరంగు కాగితం ప్లేటు ఒకటి అమ్మకానికి చూశాను. 'హిట్ ఆఫ్ ది వీక్' అని ఉంది. గొట్టంలా చుట్టుకుపోయింది. కొనొచ్చా? స్పిరిట్‌తో తుడవొచ్చా?

వైట్‌లేబుల్
కొనండి. 1930 నుంచి 1932 దాకా పత్రికల దుకాణాల్లో 15 సెంట్లకు అమ్మిన సరుకు. గట్టి కాగితం మీద డ్యూరియం అనే రెసిన్ పూత, పాట ఆ పూతలోనే ఉంటుంది. లక్క ప్లేట్ల కంటే రొద తక్కువ. 1931లో గాడులు దగ్గరగా వేసి ఒకే పక్క ఐదు నిమిషాల దాకా ఎక్కించారు.

కాగితం తేమ పీల్చుకుంటే వ్యాకోచిస్తుంది, పూత కదలదు, అందుకే వంకర తిరుగుతుంది. కాబట్టి నీళ్లూ వద్దు, స్పిరిటూ వద్దు. మెత్తటి పొడి బ్రష్షు చాలు. రెండు అద్దాల పలకల మధ్య పెట్టి పైన పుస్తకాలు పేర్చి కొన్ని వారాలు వదిలేయండి. ఇస్త్రీపెట్టె, ఎండ, హెయిర్ డ్రయ్యర్ దగ్గరికి రానివ్వకండి, పూత పగిలితే మళ్లీ అతకదు. వాయించేటప్పుడు కింద ఒక పాత లక్క ప్లేటు వేసి, దాని మీద ఇది పెట్టి, మధ్యలో బరువు పెట్టండి. అంచు ఇంకా లేస్తుంటే ముల్లు ఎగిరి జారుతుంది, అప్పుడు ముల్లు బరువు పెంచకండి, ఇంకో వారం అద్దాల మధ్య ఉంచండి.

గాడి78
స్పిరిట్ మాట వచ్చింది కాబట్టి అందరికీ: మామూలు 78 ప్లేటుకు ఏ రకం ఆల్కహాలూ తగలకూడదు. లక్క ఆల్కహాలులో కరుగుతుంది, ఒక్కసారి తుడిస్తే పైపొర మసకబారి పాట పోతుంది. డిస్టిల్డ్ వాటరు అర లీటరులో వాసన లేని డిష్‌వాష్ లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి బ్రష్షుతో గాడి వెంట గుండ్రంగా, తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటరుతో కడిగి నిలబెట్టి ఆరనివ్వాలి. లేబులు తడవకుండా చూసుకోండి. అంచు దగ్గర పగులు ఉంటే నీళ్లు లోపలికి పోతాయి, అలాంటివి పొడిగానే తుడవండి.

కృష్ణాతీరం
పట్నపు బ్యాండ్ల గురించే రాస్తున్నారు. పల్లె వైపు కూడా చూడండి. జిమ్మీ రాడ్జర్స్ 'బ్లూ యోడెల్ నం. 9', విక్టర్ 23580, 1930 జూలై 16, హాలీవుడ్. వెనక ట్రంపెట్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో అతని భార్య లిల్. లేబులు మీద ఇద్దరి పేర్లూ లేవు. రాడ్జర్స్ తాళానికి నిలిచే మనిషి కాదు, తోచినచోట ఒక మాత్ర తగ్గిస్తాడు, ఇంకోచోట సాగదీస్తాడు. ఒంటరిగా గిటారు పట్టుకుని పాడితే తెలియదు, పక్కన వాయించేవాళ్లకు మాత్రం ప్రాణసంకటం. ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రతి పాదం చివర అతను ఎక్కడ ఆగుతాడో కనిపెట్టి అక్కడే అందుకుంటాడు. రాడ్జర్స్ క్షయతో 1933 మే 26న పోయాడు, అంతకు రెండు రోజుల ముందే న్యూయార్క్‌లో చివరి పాటలు పాడాడు.

రెండోది స్కిప్ జేమ్స్ 'హార్డ్ టైమ్ కిల్లింగ్ ఫ్లోర్ బ్లూస్'. 1931 ఫిబ్రవరి, విస్కాన్సిన్‌లోని గ్రాఫ్టన్, పారామౌంట్ కంపెనీ. కరువును గురించి నేరుగా పాడిన పాట ఏది అంటే నేను ఇదే చూపిస్తాను. గిటారు తీగలు మైనర్ తీగగుత్తికి శ్రుతి చేసుకున్నాడు: డి, ఎ, డి, ఎఫ్, ఎ, డి వరస. ఊరికే తీగలు మీటినా విషాదమే మోగుతుంది. గొంతు పై స్థాయిలో, దాదాపు ఊపిరిలా.

పారామౌంట్ అంటే కుర్చీలు చేసే కంపెనీ పెట్టిన లేబులు, అక్కడి ప్లేట్ల ముడిసరుకు నాసి. జేమ్స్ అసలు ప్లేట్లు మిగిలినవి చాలా కొద్ది, మనం వినేవన్నీ వాటి నుంచి తీసినవే. కాబట్టి రొద తప్పదు. రొద పూర్తిగా తీసేసిన ఆధునిక కాపీలు వినకండి, దాంతోపాటు గిటారు పై తీగల మెరుపు కూడా పోతుంది. గీరుడు వినిపిస్తున్న కాపీయే మేలు.

రాగమాలిక
గొంతుల విషయానికొస్తే రెండు. మిల్స్ బ్రదర్స్ 'టైగర్ ర్యాగ్', బ్రన్స్‌విక్ 6197, 1931. ట్రంపెట్, ట్యూబా అన్నీ నోటితోనే. ఒక్క గిటారు తప్ప వాద్యాలేవీ వాడలేదని కంపెనీయే లేబులు మీద అచ్చు వేయాల్సి వచ్చింది, లేకపోతే కొన్నవాళ్లు నమ్మరు. ఇది మైకు వచ్చాకే సాధ్యం: అరచేతులు దోనె చేసి నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊదిన శబ్దం, మైకు రాకముందు రికార్డింగుకు వాడిన కొమ్ము ముందు నిలిచేది కాదు.

బాస్‌వెల్ సిస్టర్స్ 1931–33 బ్రన్స్‌విక్ ప్లేట్లు ఏవి దొరికినా వదలకండి, 'హీబీ జీబీస్'తో మొదలుపెట్టండి. న్యూ ఆర్లియన్స్ అక్కచెల్లెళ్లు ముగ్గురు. మూడు నిమిషాల్లో నడక మారుస్తారు, శ్రుతి మారుస్తారు, మేజర్ పాటను మైనర్‌లోకి దించి మళ్లీ ఎత్తుతారు. మాటల మధ్య ముగ్గురూ ఒకేచోట ఊపిరి తీసుకోవడం గమనించండి, మూడోసారి వినేటప్పుడు అది తప్ప ఇంకేమీ వినిపించదు.

లక్కప్లేటు
కృష్ణాతీరం గారూ, కరువు పాటలే ఈ కాలానికి గొంతు అన్న ధోరణి వద్దు. జనం డబ్బు పెట్టి కొన్నది ఎక్కువగా ప్రేమపాటలు, డాన్సు పాటలు. 'హ్యాపీ డేస్ ఆర్ హియర్ అగెయిన్' సంగతే చూడండి: అది 1929లో ఒక సినిమా కోసం రాసిన పాట, 1932లో రూజ్‌వెల్ట్ ఎన్నికల ప్రచారానికి ఎక్కాక మాంద్యం పాట అయి కూర్చుంది. ఇంకోవైపు రూత్ ఎటింగ్ 'టెన్ సెంట్స్ ఎ డాన్స్' (కొలంబియా 2146-డి, 1930). కరువన్న మాట ఎక్కడా రాదు. పది సెంట్ల టిక్కెట్టుకు ఎవరితో పడితే వాళ్లతో నాట్యం చేసే అమ్మాయి కాళ్లనొప్పి ఒక్కటే చెబుతుంది. నాకు హార్బర్గ్ పాటంత బరువు ఇందులోనూ ఉంది.

కృష్ణాతీరం
ఎటింగ్ విషయంలో మీ మాటే నాది. నేనన్నది కరువు పాటలు ఎక్కువ అమ్ముడయ్యాయని కాదు, అవి తక్కువ అమ్ముడయ్యాయి కాబట్టే మనం పట్టుకుని కాపాడుకోవాలని.

గాడి78
ఎలింగ్టన్‌ది ఇంకో అద్భుతం ఉంది. 1932 ఫిబ్రవరి 3న, 9న విక్టర్ స్టూడియోలో రెండు మెడ్లీలు (కొన్ని పాటలు ఒకదాని వెంట ఒకటి కలిపి వాయించినవి). మొదటి దాంట్లో 'మూడ్ ఇండిగో' కూడా ఉంది. విక్టర్ 1931లో తెచ్చిన 33⅓ వేగపు లాంగ్ ప్లే ప్లేట్ల కోసం చేసినవి. ఆ యంత్రం కొనే స్తోమత అప్పుడు చాలామందికి లేక ఆ ప్రయత్నం మూలపడింది. ఆ రెండు రోజులూ స్టూడియోలో రెండు కటింగ్ యంత్రాలు, రెండు మైకులు పెట్టారు. వేర్వేరు ప్లేట్ల మీద ఒకే వాయింపు, రెండు చోట్ల నుంచి. 1980లలో సేకర్తలు ఆ రెండింటినీ జత చేస్తే అసలైన స్టీరియో వచ్చింది.

దీని పేరుతో దొంగ స్టీరియోలు తిరుగుతున్నాయి. ఆడాసిటీ అనే శబ్ద సవరణ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, చానళ్లు విడదీసి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి, రెండూ కలిపి మోనో చేయండి. నిశ్శబ్దం మిగిలితే అది మోనోయే, ప్రతిధ్వని కూడా కలపలేదు. నీరసమైన ప్రతిధ్వని మాత్రమే మిగిలితే కలిపిన ఎఫెక్టు. వాద్యాలు వేర్వేరు మోతాదులో స్పష్టంగా మిగిలితేనే అసలుది అయ్యే అవకాశం. రెండు ప్లేట్ల వేగం వెంట్రుకవాసి తేడా ఉన్నా శబ్దం అలలుగా ఊగుతుంది కాబట్టి జత చేసినవాళ్ల పనితనం అక్కడ తెలిసిపోతుంది.

కొత్తముల్లు
ఇవి డిజిటైజ్ చేసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

ప్లేనో_తెలుగు
అమెరికాలో 1923–46 మధ్య విడుదలైన రికార్డింగులకు కాపీరైట్ నూరేళ్లు. 1930 నాటివి 2031 జనవరి 1న హక్కుల నుంచి విడుదలవుతాయి. పాట హక్కు వేరు, దానికి 95 ఏళ్లు. 1932 పాటలు 2028 జనవరి 1న. భారత చట్టంలో సౌండ్ రికార్డింగుకు 60 ఏళ్లే, అది ఎప్పుడో దాటింది. అయినా యూట్యూబ్ అమెరికా లెక్కే చూస్తుంది, రీఇష్యూ కంపెనీల క్లెయిములు వస్తాయి. ప్లేటు మీదైతే ఇంట్లో కాపీ తీసి దాచుకోండి.

వైట్‌లేబుల్
ఇక్కడే ఉండి వెతికేవాళ్లకు ఒక మాట. అమెరికా విక్టర్ మాస్టర్లు గ్రామఫోన్ కంపెనీ ద్వారా హెచ్ఎంవీ లేబులు మీద మన దేశానికీ వచ్చాయి, కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయినవీ ఉన్నాయి. ఆ ప్లేట్లకు వాడిన లక్క కూడా మన ఛోటా నాగ్‌పూర్ అడవుల నుంచి పోయిందే, అమెరికా కంపెనీలకూ అక్కడి నుంచే వెళ్లేది. 1931లో హెచ్ఎంవీ, ఇంగ్లిష్ కొలంబియా కలిసి ఈఎంఐ అయింది కూడా ఈ మాంద్యం ఒత్తిడితోనే.

కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో గానీ, ఎర్రగడ్డ ఆదివారం సంతలో గానీ నాటక పద్యాల ప్లేట్ల కట్టలో ఇంగ్లిషు డాన్సు ప్లేటు కనబడితే లేబులు చూసి పక్కన పెట్టేయకండి. హెచ్ఎంవీ నంబరు వేరుగా ఉంటుంది. గాడి చివర అమెరికన్ మాస్టర్ నంబరు ఉందేమో చూడండి, విక్టర్ పది అంగుళాల వాటికి ముందు బీవీఈ అనో, 1932 తర్వాతైతే బీఎస్ అనో ఉంటుంది. ఆ అంకె ఇక్కడ పెడితే ఏ రోజు ఏ స్టూడియోనో వెతికి చెబుతాను.

కృష్ణాతీరం
ఆ కట్టల్లో వెతికేవాళ్లు 'స్టార్మీ వెదర్' కూడా చూసుకోండి. లియో రీస్‌మన్ ఆర్కెస్ట్రాతో, స్వరకర్త హెరాల్డ్ ఆర్లెన్ తానే పాడినది విక్టర్ 24262, 1933 ఫిబ్రవరి. విక్టర్ మాస్టరు కాబట్టి హెచ్ఎంవీ మీద వచ్చే వీలుంది. ఎథెల్ వాటర్స్‌ది బ్రన్స్‌విక్ 6564, మే నెల. రెండూ దొరికితే ముందు ఆర్లెన్‌ది వినండి. ఆయన పాటను రాసినట్టు పాడాడు, వాటర్స్ అదే పాటను ఒక్కో మాట దగ్గర ఆగి, కింది స్వరం నుంచి నెమ్మదిగా జరుపుకుంటూ పాడింది.